మార్కాపురం సభలో నోరు తెరిచిన మనిషి

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన మరుసటి ఏడాది వేసవిలో, మద్రాసులోని ఒక తెలుగు దినపత్రికలో నేను సీనియర్ సబ్ ఎడిటరుగా ఉన్నప్పుడు, మా ఎడిటరు గారు నన్ను మార్కాపురం పంపించారు. మార్కాపురం, గిద్దలూరు అప్పటికి కర్నూలు జిల్లాలో ఉండేవి. సబ్ ఎడిటరుకు ఊళ్లు తిరిగే పని ఉండదు. వచ్చిన వార్త దిద్దడం, శీర్షిక పెట్టడం, బొమ్మ కింద రెండు పంక్తులు రాయడం, అంతా కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. అటువంటివాణ్ని మండుటెండల్లో అంత దూరం తరమడానికి కారణం ఒక ఫొటో. దాన్ని అచ్చువేసింది మేమే. మేం దాని కింద రాసింది నిజంగా అందులో ఉందో లేదో చూసి రమ్మన్నారు. బొమ్మ వేయకముందు అడగవలసిన ప్రశ్నను వేసిన తరువాత అడగడం మా ఆఫీసులో ఆనవాయితీ.

సంగతి ఇది. ఆ నెలలో మార్కాపురం సంత మైదానంలో పుల్లరి పెంపుకు నిరసనగా సభ జరిగింది. పుల్లరి అంటే అడవిలో గొడ్లను మేపుకున్నందుకు కట్టే పన్ను. నల్లమల అంచున పెద్దారవీడు మొదలైన ఊళ్ల రైతులు బండ్లు కట్టుకుని వచ్చారు. మార్కాపురం ప్లీడరు కాశిరెడ్డి గారు ప్రధాన వక్త. మాకు అక్కడ విలేకరి లేడు. పత్రికలు అమ్మే ఏజెంటే నాలుగు ముక్కలు రాసి పంపేవాడు. ఫొటో మాత్రం గిద్దలూరులో స్టూడియో పెట్టుకున్న రంగయ్య అనే ఆయన టపాలో పంపాడు. దాని వెనక పెన్సిలుతో "మార్కాపురం సభ" అని తప్ప ఇంకొక్క అక్షరం లేదు.

ఆ రాత్రి షిఫ్టులో ఉన్నవాడు సుందరం. ఫొటో అడ్డంగా వెడల్పుగా ఉంది, ఒక చివర వేదిక మీద వక్త, ఇంకో చివర జనంలో నిలబడి నోరు తెరిచిన మనిషి, మధ్యలో అంతా తలపాగాలు. యుద్ధం అయిపోయినా కాగితం కరువు పోలేదు. అంత వెడల్పు బొమ్మకు పేజీలో చోటు లేదు. అందుకని బొమ్మలకు అచ్చు రేకులు చెక్కే బ్లాకుల శాఖవాళ్లు ఫొటోను రెండుగా కత్తిరించారు. వక్త ఒక బ్లాకు, నోరు తెరిచిన మనిషి ఒక బ్లాకు. రెంటినీ పేజీలో పక్కపక్కన ఎదురెదురుగా పేర్చారు. దాని కింద సుందరం ఇట్లా రాశాడు: "పుల్లరి సభలో అల్లరి: వక్తను గేలి చేస్తూ ప్రసంగానికి అడ్డు తగులుతున్న వ్యక్తి."

ఎట్లా తెలిసిందయ్యా నీకు అని అడిగాను. "నోరు తెరిచాడు, పిడికిలి ఎత్తాడు, వక్త నోరు మూసుకుని నిలబడిపోయాడు. ఇంకేం చేస్తున్నాడంటారు?" అని నన్నే ఎదురడిగాడు. అసలు ఫొటో ఏదంటే, బ్లాకు అయ్యాక చెత్తబుట్టలో పడేశామన్నారు. మా వాళ్ల శుభ్రత అటువంటి విషయాల్లోనే కనిపిస్తుంది.

ఇంతవరకే అయితే ఎవరూ పట్టించుకునేవారు కారు. కానీ మార్కాపురంలో మా పత్రిక ఆగిపోయింది. పత్రికల కట్టలు రైల్లో మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగుతాయి. అక్కడి నుంచి ఊళ్లోకి జట్కాలో పోవాలి. రోజూ ఆ కట్ట మోసేవాడు మస్తాన్ అనే జట్కావాడు. బొమ్మలో నోరు తెరిచిన మనిషి అతనే. బొమ్మ పడిన నాటి నుంచి అతను కట్ట ముట్టుకోలేదు. ఒకరి బాడుగ ఇంకొకరు తీసుకోకూడదని జట్కా స్టాండులో కట్టుబాటు ఉందట, మిగతావాళ్లూ ముట్టుకోలేదు. పత్రికలు స్టేషనులో చెదలు పట్టిపోతున్నాయని ఏజెంటు మొరపెట్టుకున్నాడు. బొమ్మ కింద రాత నిజమైతే మనం కదలవద్దు, అబద్ధమైతే సవరణ వేద్దాం, తేల్చుకు రా అని ఎడిటరు గారి ఆజ్ఞ.

బెజవాడలో బండి మారి, మీటరుగేజి రైల్లో ఆవులిస్తూ మార్కాపురం రోడ్డులో దిగాను. స్టేషను బయట జట్కాలన్నింటి చుట్టూ జనం మూగి ఉన్నారు, ఒక్కదాని దగ్గర తప్ప. బేరం లేకుండా బండి దొరికింది గదా అని సంతోషించి అందులో ఎక్కాను. తోలేవాడు దారి పొడవునా ఒక్క మాట మాట్లాడలేదు. ఊళ్లో కాఫీ హోటలు ముందు దిగేసరికి నా పని సగం చెడిపోయిందని నాకు తెలియదు.

హోటలు యజమాని నన్నూ, వెళ్లిపోతున్న జట్కానూ మార్చి మార్చి చూశాడు. "యాడి నుంచి వచ్చినావో గానీ అన్నా, ఆ బండి ఎక్కకుండా ఉండాల్సింది. మస్తాన్ బండి అది. రేంజరు మనిషి వాడు" అన్నాడు. సభను చెడగొట్టడానికి, పుల్లరి వసూలు చేసే అడవి రేంజరే మస్తాన్‌ను పంపాడని ఊళ్లో వదంతి. నేను నిష్పక్షపాతంగా విచారించడానికి వచ్చిన పెద్దమనిషిని. మొదటి అడుగే ముద్దాయి బండిలో వేశాను. ఆ హోటల్లో నేను తాగిన కాఫీ చల్లారిపోయేదాకా ఎవరూ నా బల్ల దగ్గరికి రాలేదు.

మా బొమ్మ హోటలు గోడకు మైదాపిండితో అంటించి ఉంది. చివరికి నేను పత్రిక మనిషినని చెప్పుకున్నాక, సాక్షులు కావలసినంతమంది దొరికారు. అదే నా ఖర్మ. ఒకాయన మస్తాన్ బూతులు తిట్టినాడన్నాడు. ఇంకొకాయన తిట్టలేదు, ఈల వేసినాడన్నాడు. మూడో ఆయన గోడ దగ్గరికి పోయి వేలు పెట్టి చూపించాడు: "ఆ చేతిలో రాయి చూడన్నా. ఇసరబోతున్నాడు." రాయి ఎక్కడుందని కళ్లు చించుకుని చూశాను. బ్లాకు తయారయ్యేది చుక్కలతో. ఫొటోను సన్నని గళ్ల తెర గుండా మళ్లీ ఫొటో తీసి, ఆ చుక్కలను జింకు రేకు మీద ఆసిడ్‌తో చెక్కుతారు. ముతక కాగితం మీద అచ్చేటప్పుడు చుక్కలు పెద్దవిగా ఉండాలి, లేకపోతే సిరా అలుక్కుపోతుంది. ఆయన రాయి అంటున్నది అటువంటి నాలుగు చుక్కల ముద్ద. మీరు సభకు వెళ్లారా అంటే, "పోకుండా ఉంటానా, ముందు వరసలోనే కూర్చున్నా" అన్నాడు. ముందు వరసలో కూర్చున్నవాడికి తన వెనక ఉన్న మస్తాన్ చేతిలో రాయి ఎట్లా కనిపించింది? బొమ్మ చూసి చూసి వీళ్లు సభనే మరిచిపోయారు. చూసింది పోయి, అచ్చయింది మిగిలింది. నాకు ఒళ్లు మండిపోయింది, వాళ్ల మీద కాదు, మా సుందరం మీద.

ఇక మిగిలింది మస్తాన్. స్టాండులో గుర్రానికి గడ్డి వేస్తున్నాడు. నేను ఎవరో చెప్పగానే గడ్డి కింద పడేసి లేచాడు.

"అయ్యా, ఆ బొమ్మను ఊళ్లోకి మోసుకొచ్చింది గూడా నేనే. కట్ట ఇప్పిందాకా నాకు తెలీదు. దించిన మరునాటి నుంచి నా బండి ఎక్కేవాడు లేడు. సాయిబును గదా, ఏదన్నా అనుకునేదానికి సులువు."

ఆ రోజు సభలో నువ్వేం చేశావు అని అడిగాను. "మాట అందించినా" అన్నాడు, ఇందులో అడిగేదేముంది అన్నట్టు. నాకు అర్థం కాలేదు. అతను చెప్పింది నా మాటల్లో చెబుతాను. ఆ ప్రాంతాల్లో మైకులు అరుదు. పెద్ద సభ జరిగితే వక్త మాట వెనక వరుసలకు అందదు. అందుకని గట్టి గొంతు ఉన్నవాణ్ని ఒకణ్ని జనం మధ్యలో నిలబెడతారు. వక్త ఒక వాక్యం చెప్పి ఆగుతాడు. మధ్యలో ఉన్నవాడు వెనక జనం వైపు తిరిగి ఆ వాక్యాన్నే కేక వేసి చెబుతాడు. అది అయ్యాక వక్త రెండో వాక్యం ఎత్తుకుంటాడు. దాన్నే మాట అందించడం అంటారు. స్టేషనులో బండ్లను కేకేసే మస్తాన్ గొంతు మైదానం దాటి పోతుందని, ఎప్పుడూ అతన్నే నిలబెడతారు. మసీదులో బాంగు ఇచ్చేవాళ్ల లాగా చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని కేక వేయడం అతని అలవాటు.

ఇంత ముఖ్యమైన సంగతి హోటల్లో ఒక్కరూ చెప్పలేదేమయ్యా అని విసుక్కున్నాను. "అందరికీ తెలిసిందే గదయ్యా, చెప్పేదేముంది" అన్నాడు. సరే, మబ్బు విడిపోయిందనుకున్నాను. అప్పుడు తనంతట తానే ఇంకో మాట చెప్పి నా నెత్తిన పిడుగు వేశాడు. "కానీ అయ్యా, ఒకసారి నా సొంత మాట గూడా అన్నాను."

అదేమిటో అన్నవాడి నోట కాక పడినవారి నోట విందామని కాశిరెడ్డి గారి దగ్గరికి పోయాను. రోడ్డు వైపు గదిలో బల్ల వెనక ఆయన, బల్లకు ఇవతల క్లయింట్ల కుర్చీలో నేను. ఆయన కోర్టులో వాదించినట్టే వాదించారు.

"ఫొటోలో ఉన్నది మస్తానే. నోరు తెరిచింది మస్తానే. నేను మాట ఆపి నిలబడిందీ వాస్తవమే. ఈ ఏడు ఒక్క గొడ్డును గూడా అడివికి తోలవద్దండి, పుల్లరి ఎట్ల వసూలు చేస్తారో చూద్దాం అని నేను పిలుపిచ్చినాను. వాడు ఏమన్నాడో తెలుసునా? తోలకుంటే గొడ్లు ఏం తినాలయ్యా, నీ గడ్డివాములు ఇప్పి మోపు మోపు ఇస్తావా అన్నాడు. అంతమందిలో నన్ను నవ్వులపాలు చేసినాడు. గేలి చేసినట్టా, కాదా? మీ పత్రిక రాసిందాంట్లో తప్పేముంది?"

ఆయన చెప్పిన ఒక్కొక్క వాక్యమూ నిజం. అదే నా తలనొప్పి. గేలి జరిగింది. ఫొటో ఉంది. కానీ ఆ ఫొటో ఆ గేలిదేనా? మాట అందిస్తున్నప్పుడూ నోరు తెరుచుకునే ఉంటుంది, ప్రశ్న అడిగినప్పుడూ తెరుచుకునే ఉంటుంది. అందిస్తున్నప్పుడూ వక్త నోరు మూసుకునే ఉంటాడు, గేలికి బిత్తరపోయినప్పుడూ అంతే. మా రెండు బ్లాకులను ఎంతసేపు చూసినా ఏ సంగతీ తేలదు. తేలాలంటే కత్తిరించని ఫొటో కావాలి.

మరునాడు రైల్లో గిద్దలూరు పోయి రంగయ్య స్టూడియో పట్టుకున్నాను. మార్కాపురం సభ గాజుపలక ఇప్పించండి అన్నాను. అప్పట్లో నెగటివ్‌లు గాజుపలకల మీద ఉండేవి. రంగయ్య చిరునవ్వుతో గోడకు తగిలించిన ఒక పెళ్లి పటం చూపించాడు. "ఆ పటానికి ముందర ఉండే అద్దం అదే. యుద్ధం వచ్చిందాన్నుంచి అద్దాలు యాడ దొరుకుతున్నాయి సార్? వేడినీళ్లలో నానబెట్టి గీకితే మందు పోతుంది, సుబ్బరంగా అద్దం మిగులుతుంది." ఆ అద్దం వెనక నుంచి పెళ్లికొడుకు నన్ను చూస్తున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఆ పూట తెలిసింది.

పోనీ, ఆ ఫొటో ఏ సమయంలో తీశావో గుర్తుందా అన్నాను. ఎందుకు గుర్తుండదు అన్నాడు. "ప్లీడరు గారు మాట్లాడేటప్పుడు చేతులు ఆడిస్తాడు, తల ఆడిస్తాడు. అట్ల తీస్తే బొమ్మ చెదిరిపోతాది. మస్తాన్ మాట అందించేటప్పుడు మాత్రం బొమ్మలాగా నిలబడతాడు. ఎప్పుడూ అప్పుడే తీస్తా నేను."

ఇది గట్టి సాక్ష్యమే, కానీ ఇంకొకరి నోటిమాట. ఒక్క ప్రతి కూడా మిగల్లేదా అని బతిమాలాను. మా ఆఫీసుకు పంపింది ఒకటి, ఇంకొకటి ప్లీడరు గారే పెద్దది చేయించుకుని పటం కట్టించుకున్నారన్నాడు. ఆయన ఆఫీసు గదిలోనే ఉంటుందట, క్లయింట్ల కుర్చీ వెనక గోడకు.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు. నేను ఆ కుర్చీలో కూర్చుని గంటసేపు ఆయనతో వాదించాను. పటం నా వీపు వెనకే ఉంది. ఆయన నన్ను చూస్తూ, నా భుజం మీదుగా దాన్నీ చూస్తూ వాదించారు గానీ, ఒక్క ముక్క చెప్పలేదు.

తిరిగి మార్కాపురం వచ్చి, ఈసారి మస్తాన్‌ను వెంటబెట్టుకుని పోయాను. ఊరు ఏమనుకుంటే అనుకోనీ అని అతని బండిలోనే పోయాను. పటంలో అంతా ఉంది. రంగయ్య జనం వెనక నుంచి తీశాడు. ముందంతా తలపాగాల వెనక భాగాలు. వాటి మధ్య మస్తాన్ ఒక్కడి ముఖమే కెమెరా వైపు ఉంది. అతని వీపు వెనక, దూరంగా, వేదిక మీద కాశిరెడ్డి గారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. మస్తాన్ ఎత్తింది పిడికిలి కాదు, చెవికి ఆనించిన అరచెయ్యి. ఫొటోలకు మెరుగులు దిద్దే మా రీటచింగువాడు దాని చుట్టూ తెల్లరంగు పూసి పిడికిలి చేశాడు. ఒక మనిషిని గేలి చేసేవాడు ఆ మనిషి వైపు తిరిగి చేస్తాడు. వీపు చూపించి చేయడు. మా పేజీలో ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది మా కత్తెర.

"క్షణం వేరు కావచ్చు," అన్నారు కాశిరెడ్డి గారు తొణకకుండా. "సంగతి నిజమే గదా. వాడు నన్ను అన్నాడా లేదా?"

మస్తాన్ గుమ్మం దగ్గరే నిలబడి జవాబు చెప్పాడు. "అన్నాను రెడ్డీ. ఎవరి ముందరైనా మళ్లా అంటా. నా గుర్రం గూడా ఆ అడివి గడ్డే తింటాది. కానీ ఈ పటంలో నా నోట్లో ఉండేది నీ మాట. నీ మాట మోస్తున్నప్పుడు తీసినారు, నా మాట కింద అచ్చేసినారు. నా తప్పుకు నన్ను తిట్టండి, పడతా. నీ మాట మోసినందుకు నా బండి ఎక్కకపోతే ఎట్ల?"

పటం నాలుగు రోజులు ఇప్పించండి, పత్రికలో పూర్తిగా వేయిస్తాను అని నేను అడిగితే, అది గోడ దిగదన్నారు కాశిరెడ్డి గారు.

మద్రాసు వచ్చి నివేదిక ఇచ్చాను. గేలి జరిగిన మాట నిజం, ఆ ఫొటో గేలిది కాదు, రాత తప్పు. ఎడిటరు గారు చదివి, "గేలి జరిగిందన్నమాటే కదా, మరి ఇంత దూరం ఎందుకు పోయినట్టు?" అన్నారు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. జరిగినదాన్ని జరిగిందని రాయవచ్చు, దానికి వేరే క్షణాన్ని సాక్ష్యం పెట్టకూడదు అని చెప్పడానికి ఒక పూట పట్టింది. చివరికి సవరణకు ఒప్పుకున్నారు. "ఫలానా తేదీ బొమ్మలోని వ్యక్తి గేలి చేయడం లేదు, వక్త మాటను జనానికి అందిస్తున్నారు" అని నేనే రాసి ఇంటికి పోయాను.

తెల్లారి పత్రిక చూసి కూలబడ్డాను. వట్టి అక్షరాలు ఎవరు చదువుతారని, సుందరం పాత బ్లాకులు వెతికి తీసి, సవరణ పైన ఆ రెండు బొమ్మలనే మళ్లీ ఎదురెదురుగా వేశాడు. అదే నోరు, అదే పిడికిలి. మార్కాపురంలో అక్షరం వచ్చినవాళ్లు కొందరే, బొమ్మ చూడగలిగినవాళ్లు అందరూ. ఏజెంటు స్టేషను నుంచి చేత్తో పట్టుకుపోయిన ఒక్క ప్రతి చూసి, రేంజరు మనిషి గురించి పత్రికవాళ్లు రెండోసారి కూడా వేశారంటే ఎంత ఘోరం చేసి ఉంటాడో అనుకున్నారట. స్టేషనులో కట్టలు అట్లాగే ఉన్నాయని ఏజెంటు తంతి ఇచ్చాడు. సుందరాన్ని నేనేమన్నానో ఇక్కడ రాయడం మర్యాద కాదు.

తక్కిన కథ ఏజెంటు మద్రాసు వచ్చినప్పుడు చెప్పాడు. పుల్లరి మీద మళ్లీ సభ పెట్టారు. ఈసారి మాట అందించడానికి ఇంకొకర్ని నిలబెట్టారు. అతని గొంతు నాలుగు వరుసలు దాటలేదు. వెనక ఉన్న రైతులు "వినపడల్యా! మస్తాన్ను పిలిపీండి!" అని గోల. మొదటి సభలో ఒక్కడు అడ్డు తగిలితే, ఈ సభలో సగం మంది తగిలారు. కాశిరెడ్డి గారు స్టాండుకు మనిషిని పంపారు. మస్తాన్ ఒకే షరతు పెట్టాడు. గోడకున్న పటం దించి, కాఫీ హోటల్లో మా పత్రిక బొమ్మ పక్కన తగిలిస్తే వచ్చి మాట అందిస్తానన్నాడు. వెనక జనం గోల ఎక్కువయ్యేసరికి, గోడ దిగదన్న పటం ఆయన గుమాస్తా నెత్తిన ఊరేగింది. రాయి చూసిన పెద్దమనిషే మొదట దాని ముందు నిలబడి, "ఓరి, ప్లీడరుకు ఈపు పెట్టి ఉండాడు గదరా!" అన్నాడట. ఆ సాయంత్రమే మస్తాన్ బండికి బాడుగ వచ్చింది. మరునాడు మా కట్ట ఊళ్లోకి వచ్చింది.

ఆ సభలోనూ కాశిరెడ్డి గారు గొడ్లను అడవికి తోలవద్దనే చెప్పారు. మస్తాన్ వెనక్కి తిరిగి, చెవికి చెయ్యి ఆనించి, ఒక్క మాట పొల్లుపోకుండా అందించాడు. తరువాత వేదిక వైపు తిరిగి, అదే ప్రశ్న మళ్లీ అడిగాడు. మొదటిసారి దానికి ఎవరూ జవాబు చెప్పలేదు మరి. ఈసారి కాశిరెడ్డి గారు తన గడ్డివాము ఒకటి విప్పిస్తానని అందరి ముందూ ఒప్పుకోవలసి వచ్చింది. ఇచ్చారో లేదో ఏజెంటుకు తెలియదు. రంగయ్య ఆ రోజు కొమరోలులో పెళ్లి ఫొటోలు తీస్తున్నాడు.

ఆ తరువాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, కత్తిరించని ఫొటో చూడకుండా నేను ఏ బొమ్మకూ కింద రాత రాయలేదు. నోరు తెరిచిన మనిషి ఎటు తిరిగి ఉన్నాడో ఫొటో చెబుతుంది. ఏమంటున్నాడో చెప్పదు. అది అక్కడ ఉన్నవాణ్ని అడిగి రాయాలి, అడగడానికి ఎవరూ లేకపోతే ఊరి పేరు రాసి ఊరుకోవాలి. రంగయ్య చేసింది అదే. మార్కాపురంలో మస్తాన్ వక్తకు అడ్డు తగిలిన మాట నిజమే, రెండుసార్లు తగిలాడు. ఆ రెంటిలో ఒక్కదానికీ ఫొటో లేదు.